అందరూ ఫిట్

వెళ్ళిపోదలచుకున్నవాళ్ళకు ఒక ఫారం ఉంటుందనీ, అది కంపెనీ ఆఫీసు గుమాస్తా దగ్గర రబ్బరు స్టాంపుల డబ్బా కింద ఉంటుందనీ సైనిక అకాడమీలో అడుగుపెట్టిన మూడో రోజుకే అందరికీ తెలిసిపోయింది. దాన్ని అడిగి తెచ్చుకోవడానికి మాత్రం నిచ్చెనకు ఆరో వారం దాకా ధైర్యం చాలలేదు.

నిచ్చెన అన్నది తోటి కేడెట్లు పెట్టిన పేరు. పన్నెండు మంది ఆడపిల్లలున్న ఆ సెక్షన్‌లో ఆమే పొడుగు. బట్టలారేసే తీగ తెగితే ముడి వెయ్యడానికీ, కిటికీ పైరెక్క బిగుసుకుపోతే గుద్ది తెరవడానికీ అందరూ ఆమెనే కేకేసేవారు. ఆ వారం సెక్షన్ లీడర్ కూడా ఆమే. సోమవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఎండలో బూట్లు టకటకలాడిస్తూ వెళ్ళి ఆఫీసు గుమ్మంలో నిలబడింది.

"నువ్వా!" అన్నాడు గుమాస్తా, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి. "ఆ పొట్టిపిల్ల వస్తుందనుకుంటున్నాను నేను, ఇవాళో రేపో."

"ఎవరొస్తే ఏంటండీ? ఇవ్వండి."

"ఇవ్వక నేనేం చేసుకుంటానమ్మా, పటం కట్టించుకుంటానా?" ఫారం తీసి, మీద దుమ్ము లేకపోయినా ఓసారి ఊదాడు. "శుక్రవారం సాయంత్రం నాలుగింటి లోపల ఆఫీసర్ గారి చేతిలో పడాలి. నాలుగు దాటి ఒక్క నిమిషమైనా తీసుకోరు. ఆ తర్వాత ఏడేళ్ళు నువ్వు వీళ్ళ మనిషివి. కారణం అన్న చోట రామాయణం రాయకు. 'వ్యక్తిగతం' అని రాయి చాలు. అందరూ అదే రాస్తారు."

ఆమె ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకుంది. గుమాస్తా చెప్పినట్టు రాస్తే అబద్ధమేమీ కాదనిపించింది. ఆ ఉదయం జరిగింది నిజంగానే వ్యక్తిగతం.

ఆ ఉదయం జరిగినది చెప్పుకోవడానికి పెద్ద విషయమేమీ కాదు. వీపు మీద మూటలూ చేతుల్లో రైఫిళ్ళతో మైదానం చుట్టూ పరుగు. డ్రిల్ నేర్పే ఆయన్ని చాటుగా ఈల మాస్టారు అనేవారు. ఆయన నోట్లోంచి ఈల తీసింది ఎవరూ చూడలేదు, నిద్రలో గురక కూడా ఈలలోంచే వస్తుందని ఆడపిల్లల హాస్యం. నాలుగో చుట్టులో పిచ్చుక వెనకబడింది. గుమాస్తా చెప్పిన పొట్టిపిల్ల ఆమే, సెక్షన్‌లో పదకొండో నంబరు. ఎడమకాలు నేలకు ఆనించీ ఆనించకుండా, వేడి పెనం మీద నడుస్తున్నట్టు వస్తోంది.

ఈల మోగింది. "ఆగండి. మీ చెల్లెలు వచ్చేదాకా రైఫిళ్ళు తల మీదికెత్తి నిలబడండి. పాపం, నిదానంగా రానివ్వండి. మనకేం తొందర?"

ఎత్తారు. మొదటి నిమిషం ఏమీ కాలేదు. రెండో నిమిషానికి మోచేతులు వణకసాగాయి. మూడో నిమిషానికి చెమట కళ్ళలోకి దిగి మండుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. పిచ్చుక ఇంకా సగం మైదానం అవతలే ఉంది. అప్పుడు వరసలోంచి, పళ్ళ మధ్య నుంచి ఒక మాట వినపడింది.

"ఇది చావదేం?"

ఆ గొంతు తనదేనని నిచ్చెనకు ఒక్క క్షణం ఆలస్యంగా తెలిసింది. పక్కనున్న అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఈల మాస్టారు విన్నాడు, ఏమీ అనలేదు. పాఠం బాగా వచ్చిన పిల్లని చూసినట్టు చూసి తల పంకించాడు. పిచ్చుక వచ్చి వరసలో తన చోట నిలబడి, ఆయాసం మధ్య "సారీ అక్కా" అంది. విన్నదో లేదో తెలియదు. ఆమె అందరికీ సారీ చెబుతూనే ఉంటుంది.

మూటలకూ పరుగులకూ నిచ్చెన ఎన్నడూ వెరవలేదు. మంచం మీది దుప్పటి మూలలు ఆమె మడిచినంత నిక్కచ్చిగా ఎవరూ మడవలేరు. కళ్ళకు గంతలు కట్టినా రైఫిలు విప్పి బిగించగలదు. ఈ ఆరు వారాల్లో ఆమె చేతకాని పని ఒక్కటీ లేకపోయింది. ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చిందంటే అది కూడా ఇక్కడ నేర్చుకున్న పనుల్లో ఒకటన్నమాట.

బుధవారం సాయంత్రం ఇంటికి ఫోను. ఒక్కొక్కరికి పది నిమిషాలు. వరండా చివర గోడకు తగిలించిన ఫోను దగ్గర వరసలో నిలబడి, తన వంతు వచ్చాక నంబరు తిప్పింది.

నాన్న సైన్యంలోనే పనిచేశాడు, ఆఫీసర్ల మెస్సులో వండి వడ్డించేవాడిగా. ఆమె యోగక్షేమాలకంటే ముందు ఆయన పొయ్యిల గురించి అడుగుతాడు.

"మీ మెస్సులో ఎంతమందే వంటవాళ్ళు?"

"ఆరుగురు నాన్నా."

"మూడొందల మందికి ఆరుగురా? చచ్చిపోతారు పాపం. తిన్నాక కంచం వాళ్ళ ముందు విసిరెయ్యకు. చేతికివ్వు."

"చేతికే ఇస్తున్నాను." ఆమె తీగ వేలికి చుట్టుకుంది. "నాన్నా, నేను వచ్చేస్తే ఏమవుతుంది?"

"సెలవిచ్చారా?"

"సెలవు కాదు. పూర్తిగా వచ్చేస్తే."

అవతల ఏదో గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు. తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు. ఆయన కూర్చున్నాడు.

"ఇరవై రెండేళ్ళు ట్రే పట్టుకుని గోడకానుకుని నిలబడ్డాను తల్లీ. వాళ్ళు తింటూ మాట్లాడుకునే మాటలన్నీ నా చెవిన పడేవి. అయ్యబాబోయ్, ఎంత తెలివితక్కువ మాటలు మాట్లాడేవాళ్ళో! ఒక్కోసారి నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయేవాణ్ణి. ఆ బల్ల దగ్గర మనలాంటివాళ్ళు ఒక్కరుంటే బావుణ్ణనిపించేది." ఆగాడు. "అది నా పిచ్చి. నీకు కష్టంగా ఉంటే వచ్చెయ్. మీ అమ్మతో నేను చెప్తాను."

ఆయన తిట్టి ఉంటే తేలికయ్యేది. వెనకాల నిలబడ్డ అమ్మాయి గడియారం చూపించింది. నిచ్చెన ఫోను పెట్టేసి, బారక్స్‌కి వెళ్ళి, మంచం మీద కూర్చుని ఫారం నింపింది. పేరు, నంబరు, వ్యక్తిగతం. సంతకం కూడా పెట్టేసింది, మళ్ళీ మనసు మారకుండా.

గురువారం తెల్లవారుజామున ఇరవై కిలోమీటర్ల నడక. బయలుదేరే ముందు సెక్షన్ లీడర్ ఒక షీటు నింపాలి. పన్నెండు పేర్లు, పేరు పక్కన గడి, చివర 'అందరూ ఫిట్' అని అచ్చువేసిన గీత, దాని కింద సంతకం.

నీళ్ళ సీసాలు లెక్కపెడుతూ పోయిన నిచ్చెన స్నానాల గదిలో పిచ్చుకను చూసింది. తిరగేసిన బకెట్టు మీద కూర్చుని, ప్యాంటు మోకాలి దాకా ఎత్తి, ఎడమకాలికి బిగించి గుడ్డ చుట్టుకుంటోంది. మోకాలి కింద, ఎముక మీద చర్మం ఎర్రగా, నున్నగా, లోపల నిమ్మకాయ పెట్టి కుట్టినట్టు ఉబ్బి ఉంది.

"ఇదేంటే! మందుల గదికి వెళ్ళావా?"

"సోమవారమే వెళ్ళానక్కా. రెండు నొప్పి బిళ్ళలిచ్చాడు. రిజిస్టర్లో రాస్తే మన సెక్షన్ పేరు పాడవుతుందని మాస్టారు అన్నారట, అందుకని రాయలేదు." గుడ్డ కొసను పంటితో పట్టి లాగి ముడేసింది. "నువ్వు కూడా రాయకక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఇప్పుడు వెనక్కి పంపితే మళ్ళీ రానివ్వరు. మూడుసార్లు పరీక్ష రాసి వచ్చాను నేను. ఇవాళొక్కరోజు. రేపట్నించీ మామూలు నడకలేగా."

"ఎముక విరిగితే?"

"విరగదులే. పిచ్చుక ఎముకలు వంగుతాయి" అని నవ్వింది. ఆ నవ్వు చూడలేక నిచ్చెన బయటికొచ్చేసింది.

ఈల మాస్టారు మైదానంలో సిద్ధంగా ఉన్నాడు. షీటు అట్టకు బిగించి ఇచ్చాడు. "అందరూ ఫిట్టేగా?"

"సార్, పదకొండో నంబరు కాలు వాచింది. నడవలేదేమో."

ఆయన ఈల నోట్లోంచి తీశాడు. అలా తీయడం ఆమె మొదటిసారి చూసింది. పెదవుల పక్కన ఈల అచ్చు పడి ఉంది.

"నేను కాలు గురించి అడగలేదు. ఫిట్టా, కాదా అని అడిగాను. ఒక్కళ్ళు ఫిట్ కాకపోయినా నడక శనివారానికి వాయిదా. అప్పుడు మీ అందరికీ శనివారం బయటికెళ్ళే అనుమతి లేదు. ఆ మాట వాళ్ళకి నువ్వే చెప్పు."

చెప్పనక్కర్లేకపోయింది. పది మందీ విన్నారు. ఆరు వారాల తర్వాత గేటు దాటే మొదటి పూట అది. "అబ్బా, రాసెయ్ నిచ్చెనా" అన్నారెవరో. వరస చివర పిచ్చుక ఎడమకాలి మీదే బరువంతా వేసి నిటారుగా నిలబడి, చూడు, నాకేం కాలేదు అన్నట్టు గడ్డం ఎత్తింది.

నిచ్చెన గడులన్నిట్లో టిక్కులు పెట్టింది. రేపు రాత్రికి తను ఇక్కడ ఉండదు. వీళ్ళ శనివారాలు, వీళ్ళ కాళ్ళు, వీళ్ళ ఈలలు, ఏవీ తనవి కావు. అలా అనుకుంటే సంతకం పెట్టడం సులువైంది.

పదమూడో కిలోమీటరు రాయి దగ్గర చిన్న పల్లం. అందరూ దిగారు. వెనకనుంచి ఎండుపుల్ల తొక్కినట్టు చప్పుడైంది. నిచ్చెన తిరిగి చూసేసరికి పిచ్చుక కూర్చుని ఉంది. కేక వెయ్యలేదు. వంకరగా ఉన్న తన కాలిని ఎవరిదో వస్తువును చూసినట్టు చూస్తోంది.

"లే" అన్నాడు ఈల మాస్టారు దూరం నుంచే. ఈల ఊదాడు. మళ్ళీ ఊదాడు. దగ్గరికొచ్చి చూశాక ఈల నోట్లోంచి జారి తాడుకు వేలాడింది. ఆ తర్వాత ఆయన చేయవలసినవన్నీ చేశాడు. రెండు కర్రలు కట్టాడు, తన చొక్కా విప్పి తల కింద పెట్టాడు, బండి కోసం వైర్లెస్‌లో అరిచాడు. బండి వచ్చేలోపల రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని, బనీను మీద, రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. మిగతా ఏడు కిలోమీటర్లూ సెక్షన్ నడిచే పూర్తి చేసింది.

శుక్రవారం మూడున్నరకు ఇస్త్రీ చేసిన యూనిఫారంలో, ఫారం పట్టుకుని కంపెనీ ఆఫీసర్ గది ముందు నిలబడింది. ఆయన పిలిచాడు. కూర్చోమన్నాడు కూడా. కేడెట్లను కూర్చోమనడం అక్కడ రివాజు కాదు. మెస్సు మనిషి ఒకతను ట్రేలో రెండు కప్పుల టీ తెచ్చి పెట్టి, ఖాళీ కప్పుల కోసం గోడ పక్కకు వెళ్ళి నిలబడ్డాడు.

ఆఫీసర్ ఫారం చదివాడు. ఆయన ముఖం విచ్చుకుంది.

"మంచి నిర్ణయం. అందరూ దీనికే పుట్టరు. దీనివల్ల నీకూ మంచిదే, మాకూ మంచిదే."

"మీకు ఎలా మంచిది సార్?"

"నిన్నటి సంగతికి ఎవరో ఒకరు జవాబుదారీ కావాలి కదమ్మా. ఫిట్ షీటు మీద సంతకం నీది. నువ్వుంటే విచారణ, సాక్షులు, నెల రోజుల తలనొప్పి. నువ్వు వెళ్ళిపోతున్నావు కనక ఒక్క వాక్యంతో సరిపోతుంది. సెక్షన్ లీడర్ అశ్రద్ధ, ఆమె స్వచ్ఛందంగా వైదొలగింది. ఫైలు మూసేస్తాం. బయట నిన్నెవరూ అడగరు." టీ కప్పు ఆమె వైపు జరిపాడు. "తాగు, చల్లారిపోతుంది."

"అశ్రద్ధ కాదు సార్. కాలు వాచిందని డ్రిల్ సార్‌కి చెప్పాను."

"ఎవరి ముందు?"

"సెక్షనంతా ఉంది."

ఆయన సొరుగులోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. పది కాగితాలు, పది రకాల చేతిరాతలు. నిచ్చెన మొదటిది చదివింది, రెండోది చదివింది. మూడో దానికి వచ్చేసరికి చదవనక్కర్లేకుండానే తెలిసిపోయింది. కేడెట్ తన గాయాన్ని దాచింది. సెక్షన్ లీడర్ ఏమీ చెప్పగా నేను వినలేదు. అక్షరాలు గుండ్రంగా ఉన్నవాళ్ళవీ, గీకినట్టు ఉన్నవాళ్ళవీ అన్నీ అదే వాక్యం. ఒకదానిలో 'గాయాన్ని' తప్పు రాసి కొట్టేసి మళ్ళీ రాశారు.

"మరి డ్రిల్ సార్?"

"ఆయనది పంతొమ్మిదేళ్ళ సర్వీసు. ఇద్దరు పిల్లలు. నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. ఆయన్ని ఉరి తియ్యమంటావా?"

"లేదు సార్."

"మరింకేం?"

గోడ గడియారంలో నాలుగుకు పదినిమిషాలు తక్కువ. గోడకానుకున్న మెస్సు మనిషి ట్రేను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, ఏమీ వినపడనట్టు. అలా చూడటానికి ఎన్నేళ్ళు పడుతుందో ఆమెకు తెలుసు.

నిచ్చెన చెయ్యి చాచి, బల్ల మీదున్న తన ఫారం తీసుకుంది.

ఆఫీసర్ కప్పు దించాడు. "ఇంకా పదినిమిషాలుంది. తొందరపడకు. ఆలోచించుకో."

"ఆలోచించుకునే వచ్చాను సార్. మీరింత సంతోషపడతారని అనుకోలేదు."

"ఒక్కదానివి ఇక్కడుండి ఏం చేస్తావు?"

"జరిగింది రాసిస్తాను."

"ఇంటికెళ్ళి రాసి పంపొచ్చు. ఎవరు కాదన్నారు?"

"వెళ్ళిపోయినవాళ్ళు రాస్తే, తట్టుకోలేక పారిపోయింది, కక్షకొద్దీ రాసిందంటారు కద సార్."

ఆయన కాదనలేదు. అలా అనబోయేది తనే కనక కాదనడానికి ఏమీ లేదు. "నువ్వే సంతకం పెట్టావు. అదీ రాస్తావా?" అన్నాడు, ఇప్పుడు గొంతులో మర్యాద పలచబడి.

"ముందు అదే రాస్తాను."

వరండాలో బెంచీ మీద కూర్చుని రాసింది. కార్బన్ కాగితం గుమాస్తానే తెచ్చిచ్చాడు. నంబరు పదకొండు కాలు వాచి ఉందని నాకు తెలుసు. తెలిసీ ఫిట్ అని రాశాను. రాయకముందు ఫలానావారికి చెప్పాను, ఆయన ఇలా అన్నారు. సోమవారం అదే అమ్మాయిని చావదేం అన్నది కూడా నేనే. ఆ చివరి వాక్యం విచారణకు అక్కర్లేదని తెలుసు, కొట్టెయ్యబుద్ధి కాలేదు. తలెత్తేసరికి వరండా గడియారం నాలుగూ పది చూపిస్తోంది. నాలుగెప్పుడు కొట్టిందో వినపడలేదు.

గుమాస్తా రెండు ప్రతుల మీదా స్టాంపు గుద్ది, ఒకటి ఆమెకు ఇచ్చాడు. "పోయేదానివి పోక, కొరివితో తల గోక్కున్నావు కదమ్మా" అన్నాడు. "ఇది జాగ్రత్త. ఈ ఆఫీసులో కాగితాలకి కాళ్ళొస్తాయి."

ఆ సాయంత్రం నుంచి బారక్స్‌లో ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. పక్క మంచం అమ్మాయి తన పెట్టె కొంచెం దూరం జరుపుకుంది.

శనివారం మధ్యాహ్నం గేటు దాటనిచ్చారు. మిగతా పదిమందీ నవ్వుకుంటూ బజారు వైపు వెళ్ళారు. నిచ్చెన ఆసుపత్రికి వెళ్ళింది. ఎనిమిది మంచాల గది. కిటికీ పక్క మంచం మీద పిచ్చుక, తొడ దాకా పిండికట్టుతో, మరీ చిన్నపిల్లలా కనబడింది. కాలు రెండు దిండ్ల మీద ఎత్తిపెట్టారు.

"నువ్వొచ్చావేంటి? వెళ్ళిపోయావనుకున్నాను" అంది.

"నీకెలా తెలుసు?"

"గోడలక్కూడా తెలుసు. గుమాస్తా నోట్లో నువ్వుగింజ నానుతుందా?"

నిచ్చెన స్టూలు లాక్కుని కూర్చుంది. జరిగిందంతా చెప్పింది, పది కాగితాల సంగతితో సహా. పిచ్చుక వింటూ పిండికట్టు అంచున లేచిన దూది పీకుతోంది. విన్నాక ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

"పది కాదు, పదకొండు. నేను కూడా పెట్టాను సంతకం."

"ఎప్పుడు?"

"గురువారం సాయంత్రమే. కట్టు వేసి తీసుకొచ్చాక ఆఫీసర్ గారే వచ్చారు. గాయం నేనే దాచానని రాసిస్తే, కాలు బాగయ్యాక వచ్చే బ్యాచ్‌లో చేర్చుకుంటామన్నారు."

"కాగితం ఇచ్చారా?"

"మాటిచ్చారు."

"మాటేనా?" అంది నిచ్చెన. ఆ అడిగిన తీరుకు పిచ్చుకకు మండింది.

"నీకు నవ్వులాటగా ఉందేమో. నాకు ఆ మాటొక్కటే ఉంది. ఇప్పుడు నీ కాగితం చూసి, ఈ గొడవంతా నావల్లేనని ఆ మాట కూడా వెనక్కి తీసుకుంటారు. ఎవరు రాయమన్నారు నిన్ను? నిన్ను రాయొద్దని కదా బతిమాలాను! అప్పుడు రాయాల్సింది రాయలేదు, ఇప్పుడు రాయక్కర్లేనిది రాశావు. పోతానన్నదానివి ఉండిపోయావు. ఉంటానన్నదాన్ని నేనిలా పడున్నాను." గొంతు పెరిగి అవతలి మంచం ముసలావిడ తల తిప్పి చూసింది. "ఏడేళ్ళు! ఎవరి కోసం ఉన్నావు? నాకోసమని మాత్రం చెప్పకు."

"నీకోసమని చెప్పడం లేదు."

"మరి?"

నిచ్చెన జారిపోతున్న దిండును కాలి కిందికి సర్దింది. నర్సు వచ్చి పిచ్చుక కాలివేళ్ళు నొక్కి చూసి, "మీరు ఈమెకేమవుతారు?" అని అడిగింది. ఇద్దరిలో ఎవరూ పలక్కపోతే తనే ఏదో రాసుకుని వెళ్ళిపోయింది.

"ఏం రాశావు? చదువు" అంది పిచ్చుక చివరికి, కిటికీ వైపు నుంచి తల తిప్పకుండానే.

నిచ్చెన జేబులోంచి ప్రతి తీసి చదివింది. గొంతు పైకి లేవకుండా, పరేడ్‌లో ఆర్డర్లు చదివినట్టు చదివింది. చావదేం అన్న వాక్యం దగ్గర ఆగబోయి, ఆగకుండా చదివేసింది.

"విన్నాను ఆ రోజు" అంది పిచ్చుక. కాసేపయ్యాక, "మొదట్లో ఏదో అన్నావు, ఎన్నాళ్ళ నుంచి అని? అది మళ్ళీ చదువు" అంది.

"'నడకకు మూడు రోజుల ముందు నుంచి ఆమె కుంటుతూండటం గమనించాను.'"

"తప్పు. తొమ్మిది రోజులు."

"తొమ్మిదా?"

"నీకు కనపడలేదు. వరసలో నువ్వు ముందుంటావు, నేను నీ వెనక. తొమ్మిది రోజులు. గోడకు గోరుతో గీతలు పెట్టుకున్నాను, నా మంచం తలవైపు. వెళ్ళి లెక్కపెట్టుకో." చెయ్యి చాచింది. "కలం ఉందా? దిద్దు."

నిచ్చెన మోకాలి మీద కాగితం పెట్టుకుని 'మూడు' కొట్టేసి, పైన 'తొమ్మిది' అని రాసి, పక్కన పొడి సంతకం పెట్టింది.

"ఆఫీసులో ఉన్నదాంట్లో మూడనే ఉంటుంది కదా?" అంది పిచ్చుక.

"సోమవారం వెళ్ళి దిద్దిస్తాను."

"దిద్దనిస్తారా?"

"తెలీదు."

పిచ్చుక ఆ అంకె వైపు కాసేపు చూసింది. "నా సంతకం మాత్రం నేను వెనక్కి తీసుకోను" అంది.

"సరే."

"నిజంగానే తీసుకోను. అడక్కు."

"అడగను" అంది నిచ్చెన, సిరా ఆరేదాకా కాగితాన్ని మడవకుండా పట్టుకుని.